కాటన్ దొర జీవితం – ఒక గుమాస్తా కంటికి కనిపించినంత

మన సంఘం ఈసారి ప్రత్యేక సంచికను నీటి నిర్వహణకు కేటాయించింది. నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సభ్యులు తమకు తెలిసిన కాలువ గురించో, లాకు గురించో తలా ఒక వ్యాసం రాస్తే, అవన్నీ కలిసి రేపటివారు తిరగేసి చూసుకోదగిన ఒక ఉమ్మడి గ్రంథం అవుతుందని కార్యవర్గంవారి సంకల్పం. ఇంజనీరు మిత్రులు లెక్కలతో, పటాలతో రాస్తారు. నేను గుమాస్తాను. 1972లో లోయర్ డివిజన్ క్లర్కుగా గోదావరి డెల్టాలో ఒక సబ్ డివిజన్ ఆఫీసులో చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. నాకు తెలిసిందల్లా కాగితం. అందుచేత నా వంతుగా సర్ ఆర్థర్ కాటన్ జీవితాన్ని, అందులోనూ ఆయన కాగితాల వైపు నుంచి, నాలుగు మాటల్లో చెప్పదలిచాను.

గోదావరి జిల్లాలవారికి కాటన్ దొరను పరిచయం చేయనక్కరలేదు. ఆయన విగ్రహం లేని ఊళ్ళు డెల్టాలో తక్కువ. అయితే విగ్రహం చేతిలో ఉన్నది ఒక్క ఆనకట్ట మాత్రమే. ఆ ఆనకట్టకు ముందు ఎన్నేళ్ళ ప్రయాస ఉన్నదో, తరువాత ఎన్ని ఎదురుదెబ్బలు ఉన్నవో విగ్రహం చెప్పదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. పదకొండు మంది అన్నదమ్ములలో పదోవాడు. అంతమంది పిల్లలున్న ఇంట్లో ఎవరి బతుకు వారు చూసుకోవలసిందే. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. కొంతకాలం వేల్స్‌లో సర్వే పని నేర్చుకొని 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. మనలో చాలామంది ఆ వయసుకు టైపు పరీక్ష కూడా రాసి ఉండము.

మద్రాసులో ఆయనకు మొదట అప్పగించినది దక్షిణ జిల్లాల చెరువుల పని. తమిళ దేశంలో చెరువు వెంట చెరువు తిరిగి చూశాడు. నడుమ బర్మా యుద్ధానికి వెళ్ళివచ్చాడు. ఆ తరువాత కావేరి నది పని ఆయన చేతికి వచ్చింది. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. దానికి వాలు ఎక్కువ కావడంతో నీరంతా ఆ పాయలోకే పోతూ, కావేరి పాయ ఇసుక మేటలు వేసి పూడిపోసాగింది. తంజావూరు పొలాలకు నీరు తగ్గింది. కాటన్ కొల్లిడానికి అడ్డంగా ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు ప్రతిపాదించి 1836 నాటికి పూర్తి చేయించాడు.

ఇక్కడ ఆయన గురువు ఎవరో చెప్పాలి. కావేరి మీద కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై అనే పురాతన ఆనకట్ట ఉన్నది. ఎంత తవ్వినా రాతినేల తగలని ఇసుక నదిలో అన్ని వందల ఏళ్ళు ఆ కట్టడం ఎలా నిలిచిందని కాటన్ దానిని పరిశీలించాడు. ఇసుకలో రాళ్ళు వేసుకుంటూ పోతే అవి దిగి దిగి ఒకచోట స్థిరపడతాయని, ఆ రాళ్ళ మీద కట్టడం లేపవచ్చునని మన పూర్వపు పనివాళ్ళ నుంచే నేర్చుకున్నాడు. ఆ సంగతి దాచుకోలేదు. ఇది తన తెలివి కాదు, ఈ దేశపు పనివాళ్ళ తెలివి అని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. పేరు కూడా దొరకని మేస్త్రీలకు వాటా ఇచ్చిన అధికారులు ఏ కాలంలోనైనా అరుదే.

కొల్లిడం పని ఒక పొరపాటు కూడా నేర్పింది. కావేరిలోకి నీరు మళ్ళింది గాని, కావలసినదాని కన్న ఎక్కువ మళ్ళి ఆ పాయ అడుగు కోతకు గురయింది. తరువాత 1840 దశకంలో కావేరి మొగలో కూడా నియంత్రణ కట్టడం చేయవలసి వచ్చింది. నదిని ఒకచోట పట్టుకుంటే మరొకచోట కదులుతుందన్న పాఠం ఆ విధంగా రికార్డుల్లోకి ఎక్కింది. మద్రాసు ఇంజనీర్లలో ఒక మంచి అలవాటు ఉండేది. ఎవరు ఏ పని చేసినా దాని నివేదికను, ఉత్తర ప్రత్యుత్తరాలను, పటాలను చేర్చి సంకలనాలుగా అచ్చువేసేవారు. 1839 నుంచి అటువంటి సంపుటాలు వెలువడ్డాయి. ఒకరు కావేరిలో నేర్చినది మరొకరు ఇంకో నదిలో వాడుకునే వీలు అలా కలిగింది. ఈ సంచికకు మన కార్యవర్గం తలపెట్టిన పని కూడా అటువంటిదే.

కావేరి తరువాత కాటన్ ఆరోగ్యం చెడింది. సెలవు మీద టాస్మేనియా వెళ్ళాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడాడు. తిరిగివచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతను ఆపే పనులు చూశాడు. ఆ సమయంలోనే రాజమండ్రి జిల్లా దుస్థితి ఆయన కంటపడింది.

ఆ దుస్థితిని ఇప్పటివారు ఊహించలేరు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని పట్టిన కరువును పెద్దలు నందన కరువని, డొక్కల కరువని చెప్పుకునేవారు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో దాదాపు రెండు లక్షల మంది పోయారని ఆనాటి అంచనా. 1839లో కోరంగి వైపు ఉప్పెన వచ్చింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేరన్నమాట. గోదావరి మాత్రం ఊరి పక్కనుంచే సముద్రంలోకి పోతూ ఉండేది. వరద వస్తే ముంచడం, పోతే ఎండగట్టడం, ఇదీ నది వరస.

జిల్లా ఎందుకిలా అయిందో విచారించమని ప్రభుత్వం సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించింది. కావేరి డెల్టా తంజావూరును నిలబెట్టినట్లు గోదావరి కూడా ఈ జిల్లాను నిలబెట్టగలదని, దానికి కాటన్‌తో పరిశీలన జరిపించాలని ఆయన సిఫారసు చేశాడు. కాటన్ డెల్టా అంతా తిరిగాడు. 1844లో ఒకటి, 1845లో మరొకటి నివేదికలు సమర్పించాడు.

ఆ నివేదికలు వట్టి ఆనకట్ట ఎస్టిమేట్లు కావు. ఆనకట్టతో పాటు కాలువలు, వరద గట్లు, మురుగు పోయే దారులు, రోడ్లు, వంతెనలు అన్నీ ఒకే పథకంగా చూపించాడు. పెట్టుబడి ఎంత, పండే పంట ఎంత, పెరిగే శిస్తు ఎంత అని లెక్క కట్టాడు. దయాదాక్షిణ్యాల మాట చెబితే కంపెనీవారు వినరని, రాబడి చూపితేనే వింటారని ఆయనకు తెలుసు. ఏ ఫైలు ఎవరి బల్ల మీదకు పోతుందో తెలిసి నోటు రాయడం ఒక విద్య. మనలో చాలామందికి అది పాతికేళ్ళ సర్వీసు తరువాత గాని పట్టుబడదు. కాగితం మద్రాసు నుంచి లండను ఓడలో పోయి, జవాబు తిరిగి రావాలంటే నెలలు పట్టేది. 1846 ఆఖరుకు మంజూరు వచ్చింది. 1847లో పని మొదలయింది.

పని ఎక్కడంటే ధవళేశ్వరం దగ్గర. నది అక్కడ దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పు ఉంటుంది. నడుమ లంకలు ఉండడం వలన ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలుగా చీలుతుంది. లంకలను వదిలి నాలుగు పాయలకూ కట్టవలసిన ఆనకట్టల మొత్తం పొడవు సుమారు 12 వేల అడుగులు. ఇసుకలో ఇటుక బావులు దింపి, వాటి మీద రాతి కట్టడం లేపి, దిగువన వరద తాకిడికి కోత పడకుండా పెద్ద రాళ్ళను పరిచారు. నదీగర్భం కన్న 12 అడుగుల ఎత్తు లేపారు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే తవ్వి పట్టాల మీద బండ్లలో తోలించారు.

ఇంత పనికి ఆయన ఆరుగురు ఇంజనీరు అధికారులను, వారి కింద శిక్షణకు కుర్రవాళ్ళను, పెద్ద సంఖ్యలో వడ్రంగులను, కమ్మరులను, తాపీ పనివాళ్ళను అడిగాడు. వచ్చినది ఒక యువ అధికారి, ఇద్దరు సర్వేయర్లు, కొద్దిమంది మేస్త్రీలు. సిబ్బంది కోసం మనం ఎన్ని ఇండెంట్లు పంపామో, ఎన్ని తిరిగివచ్చాయో గుర్తు చేసుకుంటే నవ్వు వస్తుంది. ఆయన ఉన్నవారితోనే మొదలుపెట్టాడు. మొదటి ఏడాదిలోనే దాదాపు పదివేల మంది కూలీలు పనిలో ఉండేవారు. వారిని కూడగట్టి పని నడిపినవారిలో మన తెలుగువాడు వీణం వీరన్నగారు ముఖ్యులు. ఓర్, హేగ్ అనే యువ ఇంజనీర్లు కాటన్ కుడిభుజాలు. 1848లో కాటన్ ఆరోగ్యం మళ్ళీ చెడి ఆస్ట్రేలియా పోవలసి వస్తే, ఓర్ పని ఆగనివ్వలేదు. 1850లో కాటన్ తిరిగివచ్చాడు. 1852 మార్చి 31 నాటికి ఆనకట్ట పూర్తయింది.

వైనతేయ పాయ మీదుగా గన్నవరం దగ్గర కోనసీమ లంకకు నీరు తీసుకుపోయే అక్విడక్టు హేగ్ కట్టినది. 49 కమానుల ఆ కట్టడం నూరేళ్ళకు పైగా సేవ చేసింది. తరువాత దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీరు పోసిన చోటికి అన్నం పెట్టిన తల్లి పేరు రావడం ఎంతో సముచితం. అటు కృష్ణా నది మీద విజయవాడ ఆనకట్టను ఓర్ 1855లో పూర్తి చేశాడు. 1876-78 మహా కరువులో దక్షిణ దేశమంతా అల్లాడుతుంటే, గోదావరి డెల్టా తాను బతికి ఇతరులకు కూడా గింజలు పంపగలిగింది.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కాని సర్వీసు రిజిస్టరులో మంచి ఎంట్రీలు మాత్రమే ఉండవు.

ఆనకట్ట తరువాత కాటన్‌కు నీటి మీద నమ్మకం మరింత పెరిగింది. 1854లో భారతదేశపు ప్రజోపయోగ పనుల మీద ఒక పుస్తకం వెలువరించాడు. రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పోస్తే పంటకు పంట, రవాణాకు రవాణా అని ఆయన వాదం. నదులను కాలువలతో కలిపి పడవలు దేశమంతా తిరిగేలా చేయాలని పథకాలు వేశాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళినా కలం దించలేదు. ఆయన ప్రోద్బలంతో ప్రైవేటు కంపెనీలు పుట్టాయి. సుంకేసుల నుంచి కర్నూలు, కడప వైపు పోయే కె.సి. కాలువను తవ్విన కంపెనీ నష్టపోయి, 1882లో ప్రభుత్వం దానిని కొనుక్కున్నది. ఒరిస్సాలో మహానది కాలువల కంపెనీకీ అదే గతి పట్టింది. డెల్టాలో చేతికి వచ్చిన లెక్క మెట్ట ప్రాంతంలోనూ వస్తుందని ఆయన అనుకున్నాడు. రాలేదు. రైళ్ళను మరీ తక్కువగా అంచనా వేశాడన్నదీ నిజమే. కరువు ప్రాంతానికి గింజలు చేరవేయడానికి రైలు కూడా కావాలి.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ, భారతదేశపు ప్రజోపయోగ పనుల మీద విచారణకు లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన సెలెక్ట్ కమిటీని వేసింది. కాటన్ దాని ముందు సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. నష్టపోయిన కంపెనీల చిట్టా ఎదురుగా ఉండగా, గోదావరి, కృష్ణ, కావేరి లెక్కలు చూపి నిలబడ్డాడు. కమిటీ ఆయన పెద్ద పథకాలను అంగీకరించలేదు.

ఈ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఇప్పుడు నాదీ ఇంచుమించు ఆ వయసే. పెన్షను కాగితం మీద సంతకం పెట్టడానికే చెయ్యి వణుకుతుంది. ఆయనకు పదవి లేదు, లాభం లేదు, ఎదుట కూర్చున్నవారికి నమ్మకం లేదు. అయినా తనకు తెలిసినది చెప్పి రికార్డు చేయించాడు. ఓడిపోయిన ఆ సాక్ష్యం అచ్చులో నిలిచింది. అందులో ఏది సరి, ఏది తప్పు అని తరువాతివారు తేల్చుకునే వీలు మిగిలింది. చెప్పకుండా ఊరుకుంటే ఆ వీలు కూడా ఉండదు కదా!

ఊరుకున్నవాడి సంగతి నాకు తెలుసు. ఆ తప్పు నేను చేశాను. మా ఆఫీసులో ఒక పాత రిజిస్టరు ఉండేది. కాలువ గేజి లెక్కలతో పాటు, ఏ వరదకు ఏ మైలు దగ్గర గట్టు చెమ్మగిల్లింది, ఎక్కడ గండి పడబోతే ఏ మట్టితో పూడ్చారు, ఏ తూము తలుపు పూర్తిగా దిగదు వంటివి అందులో ఉండేవి. చదువు అంతగా లేని లస్కర్లు చెబుతుంటే వరసగా వచ్చిన గుమాస్తాలు రాసినవి. నేనూ కొన్నాళ్ళు రాశాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, రాత్రంతా మేలుకొని లాంతరు వెలుగులో అందులో రాసిన పేజీలు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్లున్నాయి. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటిపోయిందని రాస్తుంటే పెన్ను జారిపోయింది.

కొన్నేళ్ళకు పాత కాగితాల ఏరివేత వచ్చింది. గడువు తీరిన రికార్డుల జాబితా తయారు చేసే పని నాది. రూలు ప్రకారం ఆ రిజిస్టరుకు గడువు తీరింది. జాబితాలో చేర్చాను. పైవారు సంతకం చేశారు. మిగతా కాగితాలతో పాటు అదీ పోయింది. ఆ తరువాతి వానాకాలంలో ఒక కొత్త ఇంజనీరు కుర్రవాడు వచ్చి, ఫలానా మలుపు దగ్గర గట్టు ఊటెక్కుతున్నది, ఇంతకు ముందెప్పుడైనా ఇలా జరిగిందా అని అడిగాడు. జరిగిందని నాకు గుర్తు. ఎప్పుడు, ఏ పక్కన, ఎలా ఆపారు అన్నది గుర్తు లేదు. చెప్పగల లస్కరు అప్పటికే కాలం చేశాడు. ఆ రాత్రి ఆ కుర్రవాడు, కూలీలు ఇసుక బస్తాలతో తెల్లవార్లూ అవస్థపడి గట్టు నిలబెట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను చేసినది రూలుకు విరుద్ధం కాదు. కాని ఒక్క పేజీ నకలు తీసి ఉంచి ఉంటే ఆ అవస్థ సగం తగ్గేది.

కాటన్ చివరి రోజులు ఇంగ్లండులోని డోర్కింగ్‌లో గడిచాయి. నదులు చేతికందకపోయినా నేలను వదల్లేదు. లోతుగా దున్ని గోధుమ పండిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో తన తోటలో ప్రయోగాలు చేస్తూ వచ్చాడు. 1899 జూలై 24న తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవిత చరిత్రను ప్రకటించింది. ఆ పుస్తకం, ఆయన నివేదికలు ఉన్నాయి కనుకనే ఈ రోజు నా వంటివాడు ఇంత రాయగలిగాడు. వీణం వీరన్నగారి గురించి నేను పైన రాసినది ఒక్క వాక్యం. లండను వెళ్ళిన నివేదికల్లో దొరల పేర్లకు ఉన్నంత చోటు మనవారి పేర్లకు లేకపోయింది.

ఆయన ఆనకట్ట నూట ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తి చేసిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. 175 గేట్లున్న ఆ బ్యారేజి కింద నేడు సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నవి. అంతమాత్రాన కష్టాలు తీరాయని కాదు. శివారు భూములకు నీరు అందకపోవడం, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునగడం మన సర్వీసు అంతా చూసినవే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి గల కారణాలలో ఈ ముంపు కూడా ఒకటి. ఏ మురుగు కాలువ ఎక్కడ పూడుతుందో, ఏ బోదెకు ఏ వంతు న్యాయమో కొత్తగా చేరినవారికి ఒక్క రోజులో తెలియదు. అది మనకు తెలుసు.

కనుక సభ్య మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఓవర్సీరుగా చేసినవారు, వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా, లస్కర్లుగా చేసినవారు, నావలె బల్ల దగ్గర కూర్చున్నవారు, ఎవరికి తెలిసిన కాలువ గురించి వారు రెండు పేజీలు రాసి పంపండి. రాయడం రానివారు ఉంటే వారి దగ్గరకు నేను వచ్చి రాసుకుంటాను. ఆ పని నాకు అలవాటే. భాష బాగా లేదని, తప్పులు ఉంటాయని వెనుకాడవద్దు. కాటన్ దొర అంతటివాడి లెక్కలే కొన్ని తప్పాయి. రాసి ఉంచాడు కనుక దిద్దుకోగలిగారు.

ఆ పాత రిజిస్టరులో నాకు గుర్తున్నంత మేరకు పదకొండు పేజీలు రాసి కార్యదర్శిగారికి ఈ వ్యాసంతో పాటే అందజేస్తున్నాను. తేదీలు కొన్ని లేవు. ఆ కాలువ మీద పనిచేసినవారెవరైనా చదివి, వాటిని పూరించవలసిందిగా మనవి.